ఉప్పులో పెట్టిన నోట్లు

అమ్మ పోయిన రోజు పొద్దున్న ఇంటి నిండా జనం ఉన్నారు గానీ ఒక్కరి దగ్గరా రూపాయి బిళ్ళ లేదు. నుదుట పెట్టడానికి బిళ్ళ తెండమ్మా అని మా వరసకు బాబాయి అయ్యే పెద్దాయన రెండుసార్లు అడిగాడు. మా తమ్ముడు సింహాచలం చొక్కా జేబు, లాగు జేబు తడుముకున్నాడు. వాడి కొడుకులిద్దరూ చేతుల్లో ఫోన్లు పట్టుకుని ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. లక్ష రూపాయలు పంపమంటే నిలబడ్డ చోటునుంచే పంపగలరు, ఒక్క బిళ్ళ పుట్టించలేకపోయారు. నా మనవరాలు అనూష దేవుడి గూడంతా వెతికి అగ్గిపెట్టెతో బయటికొచ్చింది. నా సంచీలో నోట్లున్నాయి. చచ్చిపోయిన మనిషి నుదుట నోటు పెట్టరు కదా. చివరికి గేటు బయట ఆగిన ఆటో అబ్బాయి సంగతి కనుక్కుని, హేండిల్ పక్కనున్న డబ్బా గలగలలాడించి రెండు రూపాయల బిళ్ళ ఒకటి తీశాడు. "లే లో దీదీ. వాపస్ మత్ దేనా," అన్నాడు, తిరిగివ్వక్కర్లేదని.

అప్పటిదాకా నాకు ఏడుపు రాలేదు. తొంభై దగ్గర పడ్డ మనిషి, మూడు నెలలు మంచంలో ఉంది, ఏడవడానికి ఏముంది అని నా మనసుకి నేనే సర్దిచెప్పుకుంటున్నాను. ఆ బిళ్ళని అమ్మ నుదుటి మీద చూడగానే మాత్రం ఆగలేదు. అందరూ అమ్మ కోసం అనుకున్నారు. సగం అమ్మ కోసమే. మిగతా సగం నేనెప్పుడూ చూడని ఇంకో నుదురు కోసం, దాని మీద పెట్టిన ఇంకో బిళ్ళ కోసం. ఆ సంగతి చెప్పాలంటే మా బస్తీలో డబ్బు ఎన్నాళ్ళు బతికేదో, ఎలా చచ్చేదో ముందు చెప్పాలి.

మా అయ్య, అమ్మ భీమిలి దగ్గర ఒక పల్లె నుంచి వచ్చారు. అండమాన్‌లో చేపలు పట్టేవాళ్ళు లేరు, వస్తే పడవలిస్తాం, వలలిస్తాం, ఇల్లు కట్టుకోడానికి చెక్క ఇస్తాం అని సర్కారువాళ్ళు చెబితే ఓడ ఎక్కిన కుటుంబాల్లో మాదొకటి. ఓడని ఇక్కడ అందరూ జహాజు అంటారు. నేను ఇక్కడే పుట్టాను. జంగ్లీఘాట్‌లో నీళ్ళ ఒడ్డునే చెక్క గోడలు, రేకుల కప్పు. ఏడాదిలో ఏడెనిమిది నెలలు వాన. చెప్పులకు బూజు, పుస్తకాలకు బూజు, పెళ్ళిబట్టలకు బూజు. వాన లేని రోజున సముద్రం మీంచి ఉప్పుగాలి. మేకు కొట్టిన ఏడాదికే తుప్పు పట్టి తల రాలిపోయేది. మనుషులం ఎలాగో నిలబడ్డాం గానీ కాగితం అన్నది అక్కడ నిలబడేది కాదు.

కొత్త నోట్లు జహాజులోనే వచ్చేవి. ముందు పెద్ద ఆఫీసర్ల జీతాల్లోకి వెళ్ళేవి. అక్కడినుంచి అబర్దీన్ బజారులో బట్టల కొట్లకి, కిరాణా కొట్లకి, ఆ తరవాత కూరగాయలవాళ్ళకి, కూలీలకి, అందరి తరవాత మా అమ్మ చేపల గంప దగ్గరికి. మా దాకా వచ్చేసరికి నోటు రంగేదో చెప్పాలంటే వెలుతురులోకి పోవాలి. పైవాళ్ళ దగ్గరున్నన్నాళ్ళూ తోలు పర్సులో మడత నలగకుండా కూర్చున్న నోటు, మా దగ్గరికొచ్చాకే అసలు చాకిరీ చేసేది. పొలుసంటిన చేతులతో అమ్మ దాన్ని పుచ్చుకుని రొంటిని దోపుకునేది. మళ్ళీ అదే చేత్తో చిల్లర ఇచ్చేది. దేశంలో ఒక రూపాయి నోటు ఎన్నేళ్ళు తిరుగుతుందో నాకు తెలియదు. మా ఒడ్డున ఒక వానాకాలం దాటిందంటే గట్టి నోటన్నట్టే. మేం దేశం అనేది సముద్రానికి అవతలనున్న సొంతూరిని. ఇప్పటి పిల్లలు మెయిన్‌లాండ్ అంటారు.

సాయంత్రం అన్నం వార్చాక అమ్మకి ఇంకో పని ఉండేది. రొంటిలోంచి తడి నోట్లు తీసి, వేడి కుండ పొట్టకి ఒక్కొక్కటే అంటించేది. ఆరగానే నోటు అంచు దానంతటదే లేచేది. అప్పుడు ఒలిచి, తొడ మీద పెట్టి అరచేత్తో సాపు చేసేది. నీచు, పొగ, ఉడికిన బియ్యం, తడి కాగితం కలిసిన ఆ వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. చిరిగిన నోటుకి సిగరెట్టు పెట్టె లోపలుండే పల్చటి కాగితం ముక్క కోసి, అన్నం మెతుకు నలిపి అంటించేది. అంటించడం నా పనే. నా వేళ్ళు సన్నం. అంకెల మీదికి మాత్రం మెతుకు పోకూడదు. "అంకె పోతే నోటు పేణం పోయినట్టేనే గుంటా," అనేది అమ్మ. చదువు రాని మనిషికి ఆ ఒక్క సంగతీ బాగా తెలుసు. బిళ్ళలతో అంత బాధ లేదు. అల్యూమినియం పైసలకి తెల్లటి పొడి పట్టి, చిన్న చిన్న గుంటలు పడేవి గానీ చెల్లేవి. రూపాయి బిళ్ళ, అర్ధరూపాయి బిళ్ళ చింతపండు పెట్టి తోమితే పెళ్ళికూతురిలా వచ్చేవి.

అమ్మకి ఇక్కడ ఒక్కటే కోరిక. ఒక్కసారి దేశం వెళ్ళి వాళ్ళమ్మని చూసి రావాలి. వచ్చేటప్పుడు మా అమ్మమ్మ జెట్టీ దాకా రాలేదట. గుమ్మంలోనే కూర్చుని, చిన్న మట్టికుండ నిండా ఉప్పుచేప పెట్టిచ్చి, "ఈ కుండలో ఉప్పేసి ఎడితే ఏడాదైనా ఏటీ సెడదు. అది అయిపోయేలోపు ఒచ్చీ," అందట. చేప అయిపోయి పదేళ్ళు దాటింది. వైజాగ్ జహాజు మూడు నెలలకోసారి వచ్చేది, కనీసం అన్నిటికంటే చవకైన బంక్ క్లాసు టిక్కెట్టైనా ఉన్నవాళ్ళని ఎక్కించుకుపోయేది. అమ్మ ప్రతిసారీ జెట్టీకెళ్ళి, దిగినవాళ్ళని పలకరించి, ఎక్కేవాళ్ళతో కబురంపి వచ్చేది. అయ్య చేతికి చిక్కిన డబ్బు సారాకొట్టుకి పోయేది. అందుకని అమ్మ టిక్కెట్టు కోసం దాచుకున్న నోట్లని ఆ కుండలోనే పెట్టి, ఉప్పుచేపల కుండల వరసలో వెనక్కి నెట్టింది. ఆ కుండల జోలికి మగాళ్ళు రారు. "ఇది నీకూ నాకే తెలుసు. ఎవలికీ సెప్పకు," అంది నాతో. నేను ఐదో క్లాసు. అంత పెద్ద రహస్యం నాకిచ్చినందుకు ఎంత గొప్పగా ఉండేదో.

ఆ ఏడు వైశాఖంలో కుండ నిండింది. రానూ పోనూ టిక్కెట్టుకి, దారి ఖర్చుకి సరిపోయినట్టే. అమ్మ మూతికి గుడ్డ కట్టేసింది. ఇంతలో వానలు దిగాయి. గాలికి పడవలు కదలక అయ్య రోజంతా ఇంట్లోనే, కుండలకెదురుగా కూర్చుని వల బాగుచేసుకునేవాడు. అమ్మ ఆ మూలకి చూడటం కూడా మానేసింది. వానలు తగ్గి జహాజు వచ్చాక తీద్దాం అనుకుంది.

ఒక మధ్యాహ్నం అయ్య జెట్టీకి వెళ్ళాడు, అమ్మ బజారులో ఉంది. కుండలు చూసుకోవడం నా పని. చేపలకి తేమ తగిలిందేమోనని ఒక్కో కుండా విప్పి, కావలసినచోట గుప్పెడు ఉప్పు చల్లి మళ్ళీ కట్టేదాన్ని. ఆ రోజు డబ్బు కుండ కూడా విప్పాను. పై నోటు మీద నల్లటి బూజు చుక్కలు. ఒక పురుగు నోటు అంచు కొరికింది. అమ్మకి చెప్పాలంటే సాయంత్రం దాకా ఆగాలి, సాయంత్రానికి అయ్య వచ్చేస్తాడు. మా ఇంట్లో దేనికైనా బూజు పడితే ఏం చేస్తారో నాకు తెలుసు. నోట్లన్నీ తీసి గుడ్డతో తుడిచాను. అడుగున ఒక వరస పరిచి కల్లుప్పు చల్లాను. మళ్ళీ వరస, మళ్ళీ ఉప్పు. చేపలకి ఎలా వేస్తానో అచ్చం అలాగే. పురుగు ఇంక దగ్గరికి రాదు అనుకున్నాను. గుడ్డ గట్టిగా కట్టేశాను. చేసిన పనికి మురిసిపోయాను కూడా. జహాజు వచ్చిన రోజున చెబితే అమ్మ మెచ్చుకుంటుందని దాచుకున్నాను.

ఉప్పేస్తే చేప నీళ్ళు వదిలేస్తుంది, ఎండలో పడేస్తే ఆరుతుంది. ఉప్పు పని సగమే, మిగతా సగం ఎండదే. మూల చీకట్లో, నెలల తరబడి వానలో, ఉప్పు గాలిలోని నీళ్ళన్నీ తాగి కరుగుతుందని నాకు తెలియదు. తెలిసి ఉండాల్సింది. వానాకాలంలో మా ఉప్పుజాడీ అడుగున ఎప్పుడూ నీళ్ళే ఉండేవి. రోజూ చూస్తూనే ఉన్నాను.

వానలు వెనకపట్టాక జహాజు వచ్చింది. అందులో అమ్మ పుట్టింటి ఊరివాడు లచ్చన్న మావ దిగాడు. మా గుమ్మంలో నిలబడి, కూర్చోమన్నా కూర్చోకుండా, "ఓలమ్మా పైడమ్మా, మీ యమ్మ మంచం పట్టీసింది. కూడు ముట్టడం లేదు. పైడి ఒచ్చిందా, పైడి ఒచ్చిందా అని గుమ్మం కాసే సూస్తంది. నాలుగు దినాల్లో ఈ జహాజే తిరిగెల్తాది. నువ్వు కూడా ఒచ్చీయ్," అన్నాడు. అమ్మ ఏడవలేదు. అయ్య లేడని చూసుకుని నేరుగా మూలకెళ్ళి కుండ తీసింది. నేను పక్కనే నిలబడ్డాను, నా తెలివి చెప్పుకోడానికి. గుడ్డ విప్పి చెయ్యి పెట్టింది. చెయ్యి బయటికి తీసేసరికి వేళ్ళ మీదుగా బురదనీళ్ళు కారాయి.

లోపల నోట్లన్నీ నానిన అటుకుల ముద్దలా ఉన్నాయి. మధ్యలో కరగని కల్లుప్పు తళుక్కుమంది. అమ్మ ఉప్పుని చూసింది. తరవాత నన్ను చూసింది. ఈ కుండ సంగతి తెలిసినవాళ్ళం మేమిద్దరమే కదా. అమ్మ ఏమీ అడగలేదు. పళ్ళెంలో గోరువెచ్చటి నీళ్ళు పోసి, ముద్దని అందులో పెట్టి, గోళ్ళతో పొర పొరగా విడదీయడం మొదలుపెట్టింది. పొర ఊడి రాగానే వేడి అన్నం కుండ పొట్టకి అంటించేది. ఆరాక ఒలిస్తే సగం కుండకే ఉండిపోయేది. మెతుకులు నలుపుతూ నేను కూర్చున్నాను, నలిపినవన్నీ చేతిలోనే ఎండిపోయాయి. అంటించడానికి నోటంటూ ఉండాలి కదా.

మర్నాడు బ్యాంకుకెళ్ళాం. కౌంటర్లో కళ్ళజోడు ఆయన మంచివాడే. చీదరించుకోలేదు. ముక్కల్ని పెన్సిలు కొసతో అటూ ఇటూ తిప్పి చూశాడు. "నంబర్ దిఖ్‌నా చాహియే దీదీ. ఏ తో కాగజ్ భీ నహీ రహా," అన్నాడు. కలకత్తా పంపాలన్నాడు, నెలలు పడుతుందన్నాడు, వస్తాయో రావో చెప్పలేనన్నాడు. అమ్మకి అప్పటికి హిందీ బేరాల వరకే వచ్చు. "ఏటంటున్నాడే?" అని నన్నడిగింది. బళ్ళో హిందీ చదువుతున్నది నేను. నంబరు కనపడాలట, ఇది కాగితంగా కూడా మిగల్లేదట అని నేనే ఆ మాటలన్నీ తెలుగులో అమ్మకి చెప్పాను. మొత్తం చెప్పాను, ఒక్క నా సంగతి తప్ప.

వానాకాలం అయిపోయేసరికి బస్తీలో ఎవరింట్లోనూ జహాజు టిక్కెట్టంత డబ్బుండదు. ఇంక దాచడం కుదరక అమ్మ అయ్యకి చెప్పింది. తనకి తెలియకుండా దాచినందుకు ముందు చెంప మీద కొట్టాడు. తరవాత పళ్ళెంలోకి వంగి చూసి, "ఇదేటి, ఉప్పేటి? ఎవలేసినారు?" అన్నాడు.

"నానే ఏసినాను," అంది అమ్మ. "ఉప్పులో ఎడితే సెడదనుకున్నాను."

అయ్య పకపకా నవ్వాడు. "ఓలి పిచ్చిముండా, నోట్లేటి నెత్తళ్ళనుకున్నావేటి? ఎండబెట్టి పులుసెడతావేటి?" అన్నాడు. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. అప్పుడు చెప్పొచ్చు. ఆ రెండో చెంపదెబ్బ నాకు పడుతుందన్న భయంతో చెప్పలేదు. పదేళ్ళ పిల్లవి, భయపడ్డావు, అందులో తప్పేముంది అని ఇవాళ ఎవరైనా అనొచ్చు. అయ్య పోయేనాటికి నాకు యాభై ఏళ్ళు. అప్పుడు ఏ భయంతో చెప్పలేదు?

ఆ సాయంత్రం కుళాయి దగ్గర అమ్మ కుండ తోముతూ నన్ను పిలిచింది. చుట్టూ ఎవరూ లేరు.

"ఎంతేసినావే ఉప్పు?"

"రెండు గుప్పిళ్ళు."

అమ్మ కుండలో నీళ్ళు పోసి తిప్పింది. "సేపలకైతే సరిగ్గా సరిపోద్ది," అంది. అంతే. ఆ తరవాత చచ్చేదాకా నా దగ్గర ఆ మాట ఎత్తలేదు. నాలుగు తిడితే నేను ఎప్పుడో తేలికపడిపోయేదాన్ని.

కుండ అడుగున బిళ్ళలు కొన్ని ఉన్నాయి. పచ్చటి చిలుము పట్టి, నల్లబడి ఉన్నాయి గానీ బతికే ఉన్నాయి. అమ్మ చింతపండు పెట్టి వాటిని తోమి తోమి మెరిసేలా చేసింది. గుడ్డముక్కలో మూటకట్టి జెట్టీ దగ్గర లచ్చన్న మావ చేతిలో పెట్టింది. "మా యమ్మ సేతికియ్యి. మందులకి. నాను మలి జహాజుకి ఒత్తానని సెప్పు," అంది. జహాజు కూత వేసి కదిలింది. అమ్మ అది రాస్ ద్వీపం పక్కనుంచి తిరిగేదాకా కూడా ఆగలేదు. గంప ఎత్తుకుని బజారుకి వెళ్ళింది. నేను చివరిదాకా చూశాను.

మలి జహాజుకి మేనమామ రాయించిన ఉత్తరం వచ్చింది. బస్తీలో తెలుగు చదవడం వచ్చిన గుంటల్లో నేనొకదాన్ని కాబట్టి అదీ నేనే చదివాను. జహాజు చేరాక అమ్మమ్మ ఇంకా తొమ్మిది రోజులు బతికిందట. మనుషుల్ని పోల్చుకుందట. లచ్చన్న ఒక్కడే వచ్చాడని చూసి గోడవైపు తిరిగి పడుకుందట. "నువ్వు పంపిన బిళ్ళల్లో ఒకటి అమ్మ నుదుట పెట్టినాము. మిగిలినవి ఖర్చులకు అయినవి," అని ఉంది. అమ్మ అంతా విని, "రూపాయి బిళ్ళా, అర్ధా?" అని అడిగింది. ఉత్తరం మళ్ళీ చూశాను. అది రాయలేదు. తెలియదన్నాను. అమ్మ ఎన్నో ఏళ్ళు ఉండుండి అదే అడిగేది. రూపాయి బిళ్ళే అయ్యుంటాదిలే అని తనే చెప్పుకునేది.

ఆ బిళ్ళ అక్కడితో ఆగదు. పీనుగు నుదుటి మీదిది కాటి దగ్గర పనిచేసినవాళ్ళు తీసుకుంటారు, బీడీలకో టీకో ఇచ్చేస్తారు, మర్నాటికి ఎవరో పిల్లాడి చేతిలో ఉంటుంది. నా చేతుల్లోంచి ఎన్ని వేల బిళ్ళలు వెళ్ళాయో. పాతది కనపడితే తిప్పి చూడకుండా ఉండలేకపోయేదాన్ని. ముప్ఫై ఏళ్ళు కరెంటు బిల్లుల కౌంటర్లో కూర్చున్నాను. జెట్టీ మనుషులు తెచ్చిన తడి నోటు, చిరుగు నోటు ఒక్కటి కూడా తిప్పి పంపలేదు. మరీ అంకె పోయినదైతే నా పర్సులోంచి మంచిది వేసి అది తెచ్చుకునేదాన్ని.

అమ్మ మళ్ళీ నోటు దాచలేదు. వచ్చింది వచ్చినట్టు ఖర్చు పెట్టేసేది, లేదా వెండి పట్టీలు కొనేది. దేశం మళ్ళీ వెళ్ళలేదు. తమ్ముడు విమానం టిక్కెట్టు కొంటానన్నప్పుడు, "ఎవలున్నారని?" అంది. బస్తీలో ఆమెకి ఉప్పునోట్ల పైడమ్మ అని పేరు పడిపోయింది. అయ్య జెట్టీలో చెప్పిన కథ అది. పెళ్ళిళ్ళలో చెప్పుకునేవాళ్ళు. ఎదురుగా ఉన్నా చెప్పేవాళ్ళు, అమ్మ కూడా నవ్వేది, పైట నోటికడ్డం పెట్టుకుని. నేను డాలీగంజ్‌లో ఇల్లు కట్టుకుని బస్తీ వదిలి వచ్చినా ఆ కథ నా వెనకే వచ్చింది.

ఇప్పుడు ఆ జెట్టీలో చేపలమ్మే అమ్మాయి గంప పక్కన అట్టముక్క నిలబెట్టుకుంది. కొనేవాళ్ళు దానికి ఫోన్ చూపిస్తారు. డబ్బు ఎంత వచ్చిందో పెట్టె అరుస్తుంది. చెయ్యి తడైతే ఏం, వాన పడితే ఏం. ఆ డబ్బుకి బూజు పట్టదు, పురుగు కొరకదు. అమ్మకి అప్పట్లో అలాంటిది ఉంటే వాళ్ళమ్మని చూసేది. ఆ మాట అనుకున్నప్పుడల్లా సంతోషం కాదు, ఒళ్ళు మండుతుంది. ఎవరి మీదో తెలిస్తే బాగుండును. తెలుసు, తెలియనట్టు ఉంటాను.

ఇదంతా తెలుగులో రాస్తున్నాను. నా పిల్లలు హిందీ, ఇంగ్లీషు చదువుకున్నారు. తెలుగు మాట్లాడతారు, అక్షరాలు కూడబలుక్కుంటారు. తమ్ముడికి అదీ రాదు. మా ఇంట్లో ఈ కాగితాలు చదవగలిగేవాళ్ళు ఇంక ఎవరూ లేరు. చదివే ఒక్కదాన్నీ నేనే. అందుకే ధైర్యంగా రాస్తున్నానని నాకు తెలుసు.

పదో రోజు పెద్దకార్యం అయ్యాక భోజనాల దగ్గర సింహాచలం ఆ కథ ఎత్తాడు. ఆ సంగతి జరిగేనాటికి వాడు పాకే పిల్లాడు, అయ్య దగ్గర విన్నదే. చచ్చిపోయిన మనిషి గురించి నాలుగు నవ్వులు నవ్వుకోవాలని వాడి ఉద్దేశం, మనసు మంచిదే. నెత్తళ్ళ మాట కూడా అయ్య గొంతుతోనే అన్నాడు. విస్తళ్ళ ముందు పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. దండ వేసిన ఫోటోలో అమ్మ పైట నోటికడ్డం లేకుండా చూస్తోంది. నేను పప్పు వడ్డిస్తున్నాను.

అనూష నవ్వు ఆపుకుని నా కొంగు పట్టుకుంది. "సచ్చీ మే, అమ్మమ్మా? పెద్దమ్మమ్మ నిజంగా నోట్లలో ఉప్పేసిందా? నువ్వు చూశావా?"

అందరూ నావైపు చూశారు.

"చూశాను," అన్నాను. పక్క విస్తట్లో పప్పు వేశాను.